జడ వేసుకున్న బొమ్మ మీద ఎర్ర ఇంటూ: కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి నమస్కారాలు.

పిల్లల బొమ్మలను క్వీర్ సాంస్కృతిక సిద్ధాంతం (ఆడ, మగ అన్న కట్టుబాట్లలో ఇమడని జీవితాలను సమాజం ఎలా చూస్తుందో పరిశీలించే ఆలోచనా ధోరణి) వెలుగులో చదివే అధ్యాపకురాలిని. ఒక పాఠశాలలో ఐదో తరగతి డ్రాయింగ్ పుస్తకాలు తిరగేస్తుంటే, ‘నేను’ అన్న శీర్షిక కింద ఒక అబ్బాయి తనకు నడుము దాటిన జడ వేసుకుని, చివర మూడు కుప్పెలు కూడా గీసుకున్న బొమ్మ కనిపించింది. దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ మార్కు, పక్కనే ‘మళ్లీ గీయి’. మళ్లీ గీసిన బొమ్మ పేజీలో ఒక మూలన, బొటనవేలంత ఉంది.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి మరీ ప్రవేశిస్తుంది. సత్యభామ వేషంలో పేరు పొందిన పురుషులు, రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారికి 1956లో, కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చింది మన ప్రభుత్వమే. వారిది నటన, ఈ పిల్లవాడిది తన గురించి తనకున్న ఊహ కనుక రెండింటినీ ఒకే గాటన కట్టను. అయినా వేదిక మీద చప్పట్లందుకున్న జడ డ్రాయింగ్ పుస్తకంలో తప్పెలా అయిందన్నదే నా పరిశోధన. పిల్లలు పైకే కాదు, పక్కకూ పెరుగుతారని, అంటే ఎదుగుదల అందరికీ ఒకే తిన్నని దారిలో సాగదని, అమెరికా విద్వాంసురాలు క్యాథరిన్ బాండ్ స్టాక్టన్ 2009లో వాదించారు; ఆ అబ్బాయికి ఇప్పుడే ఒక పేరు తగిలించే తొందర మనకెందుకని ఆ మాట నుంచి నేను నేర్చుకున్నాను.

ఆ ఉపాధ్యాయుణ్ని తప్పుపట్టలేను. ఇలాంటి బొమ్మను ఎలా చూడాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. (పరిశోధనలోకి రాకముందు నేనైనా అదే ఇంటూ పెట్టేదాన్నేమో.) చెప్పడానికి ఒక ప్రయత్నం జరిగింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకోవాలో వివరిస్తూ జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) ఉపాధ్యాయుల కోసం రూపొందించిన శిక్షణ పుస్తకం, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అభ్యంతరం చెప్పడంతో, 2021 నవంబరులో వెబ్‌సైట్ నుంచి మాయమైంది. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వివక్ష లేని విద్యనూ, ఆటల్లోనూ వినోద కార్యక్రమాల్లోనూ సమాన అవకాశాన్నీ ఇవ్వాలని చెప్పే 2019 చట్టం అప్పటికే అమల్లో ఉంది.

ఆ పుస్తకాన్ని, దానిపై వచ్చిన అభ్యంతరాలతో సహా, ఉపాధ్యాయుల ముందుంచి చర్చకు పెట్టండి. అందులో చిత్రలేఖనం, నాటకం నేర్పేవారి కోసం ఒక అధ్యాయం చేర్పించండి. దానికి కావలసిన బొమ్మలను, పిల్లల పేర్లు, ఊళ్లు తీసేసి, వారి తల్లిదండ్రుల అనుమతితో నేను అందించగలను.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు