పనసపండు ఎవరికి దక్కుతుందని అడిగావు కదా

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. స్కూల్లో జంతువుల కథ రాయమన్నారని, పనసపండు కోసం ఎలుగూ కోతీ ఒకదాన్నొకటి ఎలా మోసం చేసుకుంటాయో, చివరికి ఏది గెలుస్తుందో చెప్పమని రాశావు. నక్కని జిత్తులమారిని చేసి కథ రాయడం ఎవరైనా చేస్తారు. నువ్వు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టిన పిల్లవి, ఎలుగు అడుగులు తోటలో చూసిన పిల్లవి. అందుకే ఇక్కడ నిజంగా జరిగేది రాస్తున్నాను, నీ కథకు ఏది పనికొస్తే అది తీసుకో.

ముందు ఒక మాట. ఎలుగూ కోతీ ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు, మీ తాత కూడా చూశానని చెప్పలేదు. పలాస జీడి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు ఉంటాయి చూడు, అలాగే మన గట్టు మీది పనసచెట్టుకు కూడా పగలు ఒకరు, రాత్రి ఇంకొకరు. పగలంతా కోతులవి. మందగా వస్తాయి, కాయని గోళ్లతో గీరతాయి, కొరికి చూస్తాయి, పచ్చిదైతే వదిలేసి ఇంకోదాని మీద పడతాయి, అలా కొరికి వదిలిన కాయ మనకీ పనికిరాదు. అయితే కోతి తెలివంతా పండు చీలాక చూడాలి. దాని దవడల లోపల రెండు సంచులుంటాయి. మందలో పెద్ద కోతి వచ్చి తరిమేలోపు పిల్లకోతి దొరికినన్ని తొనలు ఆ సంచుల్లోకి కుక్కేసుకుని, దూరంగా పోయి, అటు తిరిగి కూర్చుని తీరిగ్గా తింటుంది. అంటే అది మోసం చేసేది సాటి కోతినే! నాకు తోటలో తెలిసిన పెద్ద సంగతి ఇదే అమ్మలూ. ఒకే తిండి, ఒకే వేళ, ఒకే చెట్టు మీద బతికేవాళ్ల మధ్యే అసలు పోటీ. ఎలుగుకి కోతితో పనే లేదు.

ఎలుగు సంగతి వేరు. దాని చూపు అంతంతమాత్రమే, ముక్కు మాత్రం గొప్పది. పనసపండు మగ్గిన వాసన గాలిలో కలిసిందంటే కొండ మీద నుంచి దిగి వస్తుంది, అది కూడా ఊరు సద్దుమణిగాక. చెట్టు మొదట్లో కాసిన కాయ అయితే ఎక్కాల్సిన పని కూడా లేదు, ఆ పొడుగు గోళ్లతో చీల్చేస్తుంది. పైకాయైనా ఎక్కగలదులే. పగలు కోతులు కింద పడేసినవి కూడా రాత్రికి దానికే దక్కుతాయి. ఇంకో సంగతి తెలుసా, ఎలుగుకి పై వరసలో మధ్య పళ్లు రెండు ఉండవు. ఆ ఖాళీ దానికి చెదపురుగులు తినడానికి పనికొస్తుంది. చెదల పుట్టను గోళ్లతో తవ్వి, మట్టి లోపలికి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకుని, ముందు దుమ్ము ఊది, తర్వాత పురుగుల్ని గట్టిగా పీల్చేస్తుంది. రాత్రి నిశ్శబ్దంలో ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. పండ్లు దొరకని రోజుల్లో దాన్ని బతికించేవి ఆ పుట్టలే.

కొండముచ్చులు ఇంకో రకం. వాటికి ఆకులూ పచ్చికాయలూ కూడా అరుగుతాయి, అందుకని పండేదాకా ఎదురు చూడవు. అడవుల్లో కొండముచ్చులు చెట్టెక్కి తింటుంటే దుప్పులు కింద చేరి, అవి రాల్చిన ఆకులూ కాయలూ తింటాయి. పైనున్నదానికి చూపు దూరం పోతుంది, కిందున్నదానికి వాసన బాగా తెలుస్తుంది, పులి జాడ ఎవరు ముందు పసిగడితే వాళ్లు అరుస్తారు, రెండూ బతుకుతాయి. నీ కథలో ఇదొకటి పెడితే నాకు చాలా సంతోషం.

మోసమే కావాలంటే మాత్రం ఏట్రింతని పెట్టు. దున్నేటప్పుడు పశువుల వెంట తిరుగుతుందే, నల్లగా, తోక రెండు పాయలుగా, అదే. గోరింకలు పురుగులు ఏరుకుంటుంటే ఇది డేగ కూసినట్టు కూస్తుంది. గోరింకలు భయపడి లేచిపోతాయి, ఇది దిగి వాటి పురుగు ఎత్తుకుపోతుంది. పిట్టంత పిట్ట, ఎంత ధైర్యమో! తన గూడు దగ్గరకొస్తే కాకినీ గద్దనీ కూడా తరిమి కొడుతుంది. నాకు మన పొలంలో దానికన్నా ఇష్టమైన పక్షి లేదు.

ఇక జీడి. ఈ చెట్టు మన దేశానిది కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. అంటే మన కొండల ఎలుగులకి అది పూర్వీకుల నుంచి వచ్చిన తిండి కాదు, తర్వాత ఎప్పుడో నేర్చుకున్నది. అయినా పండు తిని పిక్క వదిలేయడం ఎంత బాగా నేర్చాయో! పిక్క తొక్కలో ఒళ్లు కాల్చే నూనె ఉంటుంది కదా, అమ్మ చేతులు చూస్తే నీకు తెలుస్తుంది. గబ్బిలాలు పండుని నోట కరుచుకుని ఎక్కడో మర్రిచెట్టు మీదకి పోయి తిని, పిక్కని కింద పడేస్తాయి. మర్రి కింద మనం పిక్కలు ఏరుకునేది అందుకే. ఇక్కడ అందరికన్నా తెలివైనది చెట్టే అనిపిస్తుంది నాకు, తియ్యటి పండు చూపించి తన పిక్కని మోయించుకుంటుంది. ఎలుగు కూడా అంతే, రేలకాయలు తిని అడవంతా తిరిగి పెంటలో గింజలు వదులుతుంది, అక్కడ మొక్కలు లేస్తాయి.

మందస కొండల మీద సవర గిరిజనుల ఊళ్లలో మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూల కాలం. పూలు రాత్రిళ్లు రాలి చెట్టు కింద పరుచుకుంటాయి. ఆడవాళ్లు వేకువనే బుట్టలు పట్టుకుని బయల్దేరతారు, ఎలుగు ఇంకా ముందే వచ్చి కూర్చుంటుంది. ఇద్దరికీ కావలసింది ఆ పూలే, ఇద్దరికీ అదే వేళ. ఆపద అక్కడే వస్తుంది. పూలు తింటూ ఉన్న ఎలుగుకి మనిషి దగ్గరకొచ్చేదాకా తెలియదు, తెలిసేసరికి అది బెదిరి మీద పడుతుంది. జీడితోటల్లో తెల్లవారుజామున పిక్కలు ఏరేవాళ్లకీ ఇదే టెన్షన్.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది, ఇంకొందరికి గాయాలయ్యాయి, పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. నువ్వు అప్పుడు ఎలుగు చెడ్డదా నాన్నా అని అడిగావు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను, ఊరంతా ఏడుస్తున్న రోజులవి. ఇప్పుడు చెప్తాను. చనిపోయిన మనిషి ఇంటివాళ్ల ముందు ఎలుగు మంచిదని నేను అనలేను, అనకూడదు కూడా. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరీ జీడీ పనసా నేలకూల్చినప్పుడు మనకి నష్టపరిహారం కోసం అడగడానికి ఒక ఆఫీసైనా ఉంది, ఆ చెట్ల మీద బతికిన జంతువులు ఎవరిని అడుగుతాయి? కొండలు తొలిచేస్తూ, తోటల్లో పొదలన్నీ కొట్టేస్తూ పోతే అవి ఎక్కడ పడుకుంటాయి? నాకు ఇద్దరి మీదా జాలే, ఇద్దరూ బతకాలనే ఉంది.

మనం చేయగలిగింది కొంత ఉంది. నేనూ మీ బాబాయీ ఈసారి మాట్లాడుకుని, ఇళ్ల దగ్గరున్న చెట్ల కాయలు ఒక్కటి కూడా మగ్గనివ్వకుండా ముదరగానే కోసేస్తున్నాం. వాసన రాకపోతే అది ఇంటిదాకా రాదు. కొండవైపు చివరి చెట్టు మాత్రం ముట్టుకోవడం లేదు. దిబ్బ మీద కుళ్లిన తొనలు పారేయవద్దని అందరికీ చెప్తున్నాం, కొందరు వింటున్నారు, కొందరు వినడం లేదు. పిక్కలకి బాగా తెల్లారాకే, నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తున్నాం.

సెలవులకి వచ్చినప్పుడు నువ్వు కూడా ఒక్కదానివే తోటలోకి పోకూడదు, ముందే చెప్తున్నాను. బస్టాండుకి మామయ్య వస్తాడు, పొద్దున బస్సే ఎక్కు, సాయంత్రం బస్సు అసలు వద్దు. నీకోసం ఒక పనసకాయ కోసి లోపలి గదిలో గోనె కప్పి పెట్టాం, అమ్మ రోజూ తట్టి చూస్తోంది. కథ రాశాక ఒక కాపీ నాకు పంపు, తప్పులు దిద్దను, చదువుకుంటానంతే.

మీ నాన్న