గ్లాసులో ఐసు, గ్రీన్‌ల్యాండ్‌లో మంచు

పర్లాకిమిడి,
ఆదివారం.

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నావు, సంతోషం. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు. అందుకే కాబోలు, రాత్రుళ్ళు మంచు గురించి చదువుతూ కూచుంటున్నాను. నవ్వకు.

పెద్ద లా పాయింటు లాగావుగా, గ్లాసులో ఐసుముక్క కరిగితే నీళ్ళు పొర్లవు, మరి మంచుకొండలు కరిగితే సముద్రం ఎందుకు పెరుగుతుందని! నువ్వన్నది నిజమే. తేలే మంచుకొండలో పదింట తొమ్మిది వంతులు అప్పటికే నీళ్ళలో ఉంటాయి. తనకి కావలసిన చోటు అది ముందే లాక్కుంది, కరిగినా పెద్ద తేడా రాదు. కానీ ఆ ముక్క గ్లాసులోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నేల మీద ఉన్న హిమానీనదం నుంచి, అంటే మెల్లగా జారే మంచు నది నుంచి, విరిగి పడింది. సముద్రం పెరిగేది ఆ పడ్డప్పుడే. ఇదే సంగతి బడిలో పిల్లలకి ఒడియాలో చెప్పి, ఇంటికొచ్చి మా ఆవిడకి తెలుగులో చెప్పాను. పిల్లలే నయం, విన్నారు.

గ్రీన్‌ల్యాండ్ పడమటి తీరాన ఇలులిస్సాట్ దగ్గర యాకబ్స్‌హావెన్ అనే హిమానీనదం ఉంది. ఆ దీవి మంచులో సుమారు 6.5 శాతం దాని దారినే సముద్రంలోకి దిగుతుంది. 2012 వేసవిలో రోజుకి 46 మీటర్ల దాకా కదిలిందట. అలాంటిది 2016 నుంచి నెమ్మదించింది, కొస దగ్గర మందం కూడా పెరిగింది. అందరూ బుర్ర గోక్కున్నారు.

మంచు కదిలే వేగం ఉపగ్రహానికి కనబడుతుంది గానీ, దాని కింద నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో కనబడదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీరు ఉప్పు ఎక్కువై బరువుగా ఉంటుంది, అందుకని అడుగున చేరి మంచుని కింద నుంచి తినేస్తుంది. అది కొలవాలంటే అక్కడికి పోవాల్సిందే. 2016 నుంచి 2021 వరకు నాసా వాళ్ళు విమానాల్లోంచి సముద్రంలోకి సెన్సర్లు జారవిడిచారు. తీరా చూస్తే, ఆ హిమానీనదం కలిసే సముద్రపు పాయకి వచ్చే నీరు చల్లబడింది, అంతే! అలాగని మురిసిపోకు. నెమ్మదించినా, దాని మీద కురిసే మంచు కన్నా సముద్రంలోకి పోయేదే ఎక్కువ.

నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. మంచు విరిగిపడే గోడ దగ్గరికి పడవలో పోతే ప్రాణాలకే ముప్పు. అందుకని ఉత్తర ధ్రువం వైపున్న నార్వే వాళ్ళ దీవులు స్వాల్‌బార్డ్‌లో దూరం నుంచి నీళ్ళలోకి మైకులు దింపి వింటున్నారు. మంచులో ఏనాడో చిక్కుకుని నొక్కుకుపోయిన గాలి, కరుగుతుంటే టపటపా పేలుతూ బయటపడుతుంది. ఆ రొద వినే, ఎంత కరుగుతోందో లెక్కకట్టొచ్చేమోనని చూస్తున్నారు.

ఆ స్వాల్‌బార్డ్‌లోనే మనవాళ్ళ హిమాద్రి అనే పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉంది. నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. మీ పెద్దాడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ అన్నావుగా, వాడి చెవిన ఓ మాట వెయ్యి. వాళ్ళమ్మని ఒప్పించడం మాత్రం నీ తలనొప్పి, నన్ను మధ్యలోకి లాగకు.

నీ,
అప్పన్న