భూమిని తీసుకుంటారు, సేకరించరు

సంపాదకుడి గారికి,

మన పత్రికల్లో తునికాకు సేకరణ, ధాన్యం సేకరణ, భూసేకరణ అని రాస్తుంటారు. మాట ఒకటే అయినా జరిగే పనులు మూడు.

సేకరించడమంటే చెదురుమదురుగా ఉన్నవాటిని ఒకచోట చేర్చడం. కన్నడంలో శేఖరిసు, మలయాళంలో శేఖరిక్కుక అన్నా అదే అర్థం. తునికాకుకు ఈ మాట చక్కగా అతుకుతుంది. మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఎండాకాలం పొద్దు పొడవకముందే ఆడవాళ్లు అడవికి పోతారు. పొదపొదకూ తిరిగి ఆకు కోసుకొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెప్తారు. సేకరణంటే అదీ. వడ్లకు రైతు చేతికి డబ్బొస్తుంది కాబట్టి కొనుగోలు అంటే సరిపోతుంది.

భూమి సంగతి అలా కాదు. 1894 నాటి భూసేకరణ చట్టమైనా, దాని స్థానంలో 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 చట్టమైనా ప్రభుత్వానికి ఇచ్చిన అధికారం ఒకటే: యజమానికి ఇష్టం లేకపోయినా పరిహారం కట్టి భూమి తీసుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ కోసమైతే బాధిత కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలని కొత్త చట్టం అంటుంది. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే ఆ షరతు కూడా లేదు. ఇందులో చెదిరిందేమిటి, చేర్చిందేమిటి? కన్నడిగులు దీన్ని భూస్వాధీనం అంటారు. తమిళులు కైయగప్పడుత్తల్, అంటే చేతిలోకి తెచ్చుకోవడం అంటారు. ఆ మాటల్లో తీసుకునేవాడు కనిపిస్తాడు, మన మాటలో కనిపించడు.

మా మేనమామది ఎకరం పది గుంటలు రోడ్డు కింద పోయింది. కాగితాలన్నిటి మీదా భూసేకరణ అనే ఉంది. “నా భూమి పోయింది” అంటాడు తప్ప “సేకరించారు” అని ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

అమరావతి దగ్గర ఈ చిక్కు ఇంకా ముదిరింది. అక్కడ 2015లో రైతులు భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకునే పద్ధతికి సమీకరణ అని పేరు పెట్టారు. సమీకరణ, సేకరణ అని పక్కపక్కన రాస్తే హడావుడిగా చదివేవాడు రెండూ ఒకటే అనుకుంటాడు. ఒకదాంట్లో రైతు సంతకం ఉంటుంది. రెండోదానికి ఆ సంతకం అక్కర్లేదు.

చట్టం పేరు మార్చమని మిమ్మల్ని అడగడం లేదు. వార్త రాసేటప్పుడైనా “ఫలానా ఊళ్లో ప్రభుత్వం ఇన్ని ఎకరాలు తీసుకుంటోంది” అని రాయండి. ఫలానా భూమి తీసుకోబోతున్నామని ప్రభుత్వం ఇచ్చే ప్రాథమిక ప్రకటన స్థానిక భాషా దినపత్రికలో కూడా రావాలని 2013 చట్టమే చెబుతోంది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ ప్రకటన నుంచి 60 రోజులే గడువు. దయచేసి ఆ ప్రకటన వచ్చిన రోజే పక్కన, పోయే భూమి ఎవరిదో, ఎవరికి అర్జీ పెట్టుకోవాలో నాలుగు ముక్కల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా