బోర్డు మూయకముందే ఒకసారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు వేదాయపాలెంలో మా ఇంటి మేడ మీద పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. 2023 దసరాకి ముందు అక్కడి హాలును రెండు గదులు చేయించాను. ఇటుక గోడ కడితే స్లాబు మీద బరువు పడుతుందని జిప్సం బోర్డు (రెండు కాగితపు పొరల మధ్య జిప్సం ముద్ద నింపి చేసిన పలక) పార్టిషన్ పెట్టించాను. ఇప్పుడు మన ఊళ్లలో క్లినిక్కులు, బట్టల షాపులు, ఇళ్లలో ఫాల్స్ సీలింగులు అన్నీ ఈ బోర్డుతోనే. పని అప్పగించేముందు ఏం అడగాలో చెప్పేవాళ్లు మాత్రం నాకు దొరకలేదు. నాకు జరిగింది రాస్తే ఇంకొకరికైనా డబ్బు మిగులుతుందని ఈ ఉత్తరం.

ముగ్గురిని అడిగాను. ఒకాయన చదరపు అడుక్కి మిగతావాళ్ల కంటే 20 రూపాయలు తక్కువ చెప్పాడు. ఆయనకే ఇచ్చాను. నాలుగు రోజుల్లో గోడ లేచింది, రంగు పడింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది. బాల్కనీ తలుపు కింద నుంచి వాన నీళ్లు కొట్టి గదిలో ఒక సాయంత్రమంతా నిలిచాయి. తుడిచేసి, గండం గడిచిందనుకున్నాం. పది రోజులకు గోడ అడుగుభాగం ఉబ్బి నల్లగా బూజు పట్టింది. వేలితో నొక్కితే తడిసిన అట్టలోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది. ముందు బెంచీలో కూర్చునే పాపకు ఆ వాసనకి ఒకటే తుమ్ములు.

ఫోన్ చేస్తే ఆయన ఒక కుర్రాణ్ణి పంపాడు. ఆ అబ్బాయి బూజు గీకి, వాల్ పుట్టీ పూసి, రంగేసి 3 వేలు తీసుకెళ్లాడు. సంక్రాంతికి మళ్లీ ఉబ్బింది. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే నా చేతిలో బిల్లు కాదు కదా, ఒక్క చీటీ కూడా లేదు.

శివరాత్రి వెళ్లాక, చెన్నైలో ఇదే పని చేసి వచ్చిన కావలి అబ్బాయి ఒకడు దొరికాడు. గోడను వేళ్లతో తట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. "అమ్మా, పైన పూస్తే నిలవదు. ముందు ఆ తలుపు కింద గడప కట్టించండి. నీళ్లు రావడం ఆగాక వచ్చి కోస్తా" అన్నాడు. చేతికొచ్చిన పనిని వెనక్కి పెట్టుకుని ఆ మాట చెప్పినందుకే అతని మీద నమ్మకం కుదిరింది.

కోసేటప్పుడు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. లోపల బోర్డును బిగించే నిలువు జీఐ చానెళ్లు (జింకు పూత ఇనుప పట్టీలు) రెండడుగులకు ఒకటి ఉండాల్సింది, మూడడుగులకు ఒకటి ఉన్నాయి. పిల్లలు వీపు ఆనిస్తే గోడ కదిలేది ఇందుకేనన్నమాట. బోర్డును నేరుగా టైల్స్ మీద నిలబెట్టేశారు. కింద అర అంగుళం సందు వదిలి స్కర్టింగ్‌తో కప్పాలట. సందు లేకపోతే దీపం వత్తి నూనె పీల్చినట్టు బోర్డు నీళ్లను పైకి లాగుతుంది.

ఉబ్బిన చోటు దాటి గట్టి బోర్డు తగిలేదాకా వెళ్లి, అక్కడ తిన్నగా గీత గీసి కోశాడు. లోపలి తడి ఆరడానికి రెండు రోజులు ఫ్యాను పెట్టించాడు. అంచు వెనక అడ్డ చానెల్ బిగించి, చెమ్మకు ఓర్చుకునే పచ్చ బోర్డు ముక్క వేశాడు. (అదీ నీళ్లలో నానితే పాడవుతుందని ముందే చెప్పాడు.) స్క్రూ తల పై కాగితాన్ని చింపకుండా వెంట్రుకవాసి లోపలికి దిగాలి. చిరిగితే పట్టు పోయినట్టే, దాని పక్కనే ఇంకోటి వేసేవాడు. అతుకు మీద జాయింటింగ్ కాంపౌండ్ (అతుకులు నింపే ముద్ద), అందులో కాగితం టేపు, ఆరాక మరో పూత, అదీ ఆరాక ఇంకాస్త వెడల్పుగా మూడో పూత. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగాడు. చివరి రోజు లైట్లార్పి సెల్‌ఫోన్ టార్చి గోడ పక్క నుంచి వేశాడు. మామూలు వెలుతురులో నాకు కనపడని మిట్ట నీడతో సహా కనపడింది. మళ్లీ రుద్దాడు.

అందుకే పాఠకులను అడుగుతున్నాను, చదరపు అడుగు రేటు ఒక్కటే బేరమాడకండి. ఆ రేటుకు ఎంత మందం బోర్డు (మా గోడకు 12.5 మిల్లీమీటర్లది), చానెళ్ల మధ్య దూరమెంత, అతుకులకు టేపు వేస్తారా, ఎన్ని పూతలు అన్నది కాగితం మీద రాయించుకోండి. జిప్సం బోర్డుకు ఐఎస్ 2095 అనే భారతీయ ప్రమాణం ఉంది, బోర్డు వెనక అచ్చు చూడండి. టీవీ, బ్లాక్‌బోర్డు లాంటి బరువులు తగిలించే చోటు ముందే చెబితే లోపల ప్లైవుడ్ పెడతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక వైపు బోర్డు వేశాక రెండో వైపు మూయనివ్వకండి. చానెళ్లు కొలిచి, కరెంటు వైర్లు పైపులో ఉన్నాయో లేదో చూసి, ఫోటో తీసుకున్నాకే మూయమనండి. ఆ అరగంట నేను కింద వంటింట్లో ఉన్నాను.

పుట్టీ పూసిపోయిన కుర్రాడి మీద నాకు కోపం లేదు. 20 ఏళ్లు కూడా ఉండవు, అతనికెవరు నేర్పారు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఐటీఐలలో ఈ పని నెల రోజులు నేర్పినా అలాంటి పిల్లలకు కూలీ పెరుగుతుంది, మా గోడలు నిలుస్తాయి. అధికారులు ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

కోసి తీసిన బూజు ముక్కను మెట్ల కింద దాచి ఉంచాను. మా వీధిలో పార్టిషన్ పెట్టించుకుంటామని ఎవరొచ్చినా ముందు దాన్నే చేతికిస్తున్నాను.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
వేదాయపాలెం, నెల్లూరు