బాలు గారికి మనం చేయాల్సింది

సంపాదకులకు నమస్కారం.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబర్ 25న వెళ్లిపోయాక, ఆ ఏడాదే మా నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. విగ్రహం కంటే ఇదే మంచి పని అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. విగ్రహానికైతే జయంతికీ వర్ధంతికీ దండ వేసి వచ్చేస్తాం. బడిలో పిల్లలు రోజూ గొంతు సవరించుకుంటారు.

ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని బాలు గారు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. 1966లో సినిమాలో మొదటి పాట పాడించిన కోదండపాణి గారిని ఆయన మరిచిపోలేదు. మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ స్టూడియోకి గురువు పేరే పెట్టారు. గౌరవించడమంటే ఎలాగో ఆయనే చూపించారు.

మొన్నామధ్య ఒక జయంతి సభకు వెళ్లాను. పదేళ్ల అమ్మాయి రెండో చరణం అందుకోబోతుంటే, ముఖ్య అతిథి వచ్చారని మైక్ తీసేసుకున్నారు. ఆ పిల్ల నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘పాడుతా తీయగా’లో ఒక్కో పిల్లాడి పాట చివరిదాకా విని, తప్పు ఎక్కడో ప్రేమగా చెప్పిన మనిషి జయంతి అది!

జూన్ 4న ఉపన్యాసాలు తగ్గించి వేదికను పిల్లలకు వదిలేయాలని, బాగా పాడే పేద పిల్లల సంగీతం ఫీజు ఊరివాళ్లమే భరించాలని కోరుతున్నాను. నా వంతు నేను ఇస్తాను.

- ఒక పాఠకుడు, నెల్లూరు