టొరెంట్ నోటీసులపై జర్మనీలోని భారత రాయబారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాయబారి గారికి,

జర్మనీలో మన తెలుగు విద్యార్థులకు టొరెంట్‌లో (ఒకరి నుంచి ఒకరు ఫైళ్లు పంచుకునే పద్ధతి) దించిన సినిమాలపై లాయర్ల ‘అబ్‌మానుంగ్’ (కాపీరైట్ ఉల్లంఘనపై డబ్బు కోరే హెచ్చరిక) నోటీసులు వస్తున్నాయి. మోసమనుకుని చెత్తబుట్టలో వేసేవారు కొందరు, హడలిపోయి అడిగినంతా కట్టేసేవారు కొందరు. రెండూ నష్టమే.

టొరెంట్‌లో సినిమా దిగుతుండగానే దాని ముక్కలు మన కంప్యూటర్ నుంచి ఇతరులకు వెళ్తుంటాయి. అసలు చిక్కు ఆ అప్‌లోడే. లాయర్లు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) పట్టుకుని, కోర్టు అనుమతితో ఇంటర్నెట్ కంపెనీ నుంచి పేరు తీస్తారు. అందుకే చూసింది రూమ్మేటైనా, కనెక్షన్ ఎవరి పేరున ఉంటే నోటీసు వారికే. పాపం, వాళ్లకు విషయమే తెలియదు!

నోటీసుకు జతచేసిన, ‘ఇకపై ఇలా చేయను’ అనే హామీపత్రంపై ఉన్నదున్నట్టు సంతకం పెడితే ఏళ్ల తరబడి కట్టుబడాలి, తప్పితే జరిమానా. గడువులోపే నోటీసును వినియోగదారుల సలహా కేంద్రంలోనో లాయరుకో చూపించాలి. అవసరమైతే సవరించిన పత్రం పంపవచ్చు.

దయచేసి ఇదంతా తెలుగులో ఒక పేజీగా రాయించి, కొత్త విద్యార్థుల సమావేశాల్లో పంచండి.