గోల్కొండ గడ్డిని పద్ధతిగా కాల్చాలి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దాటేసరికి గోల్కొండ కోట గుట్ట మీద, నయా ఖిలాలోని ఖాళీ జాగాల్లో గడ్డి నిలువునా ఎండిపోతుంది. ఏప్రిల్ ఎండల్లో అది అంటుకోవడానికి ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు. అంతదాకా ఆగకుండా, మంచు ఇంకా కురుస్తున్న జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే గాలి లేని ఉదయం చూసి, శిక్షణ పొందిన సిబ్బందితో కొద్దికొద్ది జాగాల్లో ఆ గడ్డిని కాల్పించే విషయాన్ని పురావస్తు శాఖ పరిశీలించాలని నా మనవి.

అసోంలోని కజిరంగాలో, కేరళలోని ఎరవికులంలో అటవీ సిబ్బంది గడ్డి మైదానాలను ఇలాగే కాలుస్తారు. అమెరికాలో 1863 నాటి యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్ మైదానం పొదలతో మూసుకుపోకుండా అక్కడి జాతీయ పార్కుల శాఖ నిప్పును కూడా వాడుతోంది.

అయితే గోల్కొండలో మంట గోడల దరిదాపులకు రాకూడదు. గ్రానైటు బండ మీద నిప్పు పెట్టి పలకలు లేపిన వడ్డెర పనివారికి వేడి రాయిని ఏం చేస్తుందో బాగా తెలుసు. గడ్డి మంట క్షణాల్లో ఆరిపోతుంది గాని, గోడ వారన పేరుకున్న కంప రగిలితే రాయి పొరలుగా ఊడుతుంది, సున్నపు అతుకులు గుల్లబారతాయి. కనుక గోడల వెంట కొడవలితో కోయించడమే మేలు. (మేకలను తోలితే సగం పని అవే చేస్తాయి గాని, టికెట్టు పెట్టిన చోటికి వాటినెవరు రానిస్తారు?) సర్కారు తుమ్మకు మాత్రం మంట మందు కాదు, పైన కాలినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి దాన్ని వేళ్లతో పెకలించాల్సిందే.

ప్రమాదం లేదని నేను అనడం లేదు. పురాతన ఆవాసాలకు పేరుపొందిన అమెరికాలోని బాండెలియర్‌లో 2000 మే నెలలో అధికారులే పెట్టిన మంట అదుపు తప్పి, పక్కనున్న లాస్ అలమోస్ పట్టణంలో వందలాది కుటుంబాలను నిరాశ్రయులను చేసింది. ఇక్కడైతే కోట లోపలే జనం కాపురముంటున్నారు. అందుచేత అగ్నిమాపక శకటం వచ్చి నిలబడనిదే అగ్గిపుల్ల గీయరాదు. గాలి వేగం ఇంత దాటితే పని ఆపాలని ముందే కాగితం మీద రాసుకోవాలి. పొగకు ఆయాసపడేవారు జాగ్రత్త పడేలా కోటలోని బస్తీలకు, లంగర్‌హౌజ్, ఇబ్రహీంబాగ్ వాసులకు తేదీని ముందుగా ప్రకటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టోలిచౌకి, హైదరాబాద్